రంగు తెలియని కెమెరా

మార్కాపురంలో నేను పనిచేసే స్టూడియోకు వచ్చేవాళ్లలో చాలామంది రంగు కోసమే వస్తారు. చనిపోయిన అవ్వదో తాతదో ఒక పాత నలుపు తెలుపు ఫోటో తెస్తారు. మూలలు నలిగి, నీళ్లు తగిలిన మచ్చలతో ఉంటుంది. "మా జేజికి వంకాయరంగు పట్టుచీర కట్టియ్యమ్మా" అంటారు. ఆమె ఎప్పుడైనా ఆ రంగు కట్టిందా అని అడగాలనిపిస్తుంది. అడగను. కంప్యూటర్లో చీర కడతాను, అంచు దిద్దుతాను, పెదవులకు కొంచెం ఎరుపు వేస్తాను. ఒకసారి ఒకాయన తన తండ్రి ఫోటో తెచ్చి నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "తలపాగా ఎర్రగా పెట్టు తల్లీ. కాదు, కొంచెం మాసిన ఎరుపు. అంత మాపు వద్దులే. ఇంగొంచెం..." అంటూ మధ్యాహ్నం అన్నం వేళ దాకా లేవలేదు. చివరికి ఏ ఎరుపూ కుదరక, "ఏదో ఒకటి పెట్టు" అని లేచి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం రంగు వేయకముందు ఫోటోలే ఇష్టం. మచ్చలన్నీ తుడిచి, ఇక రంగు మొదలుపెట్టాలి అనేటప్పుడు కాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ముఖాన్ని అలాగే చూస్తాను. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఇంటికి పోయాక డైరీలో రాసుకునేదాన్ని, అంతే.

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక మేడం స్టూడియోకు వచ్చారు. అరవైకి దగ్గరి వయసు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చీర కొంగు నడుముకు చెక్కి, కాళ్లకు బూట్లు వేసుకున్నారు. హైదరాబాదులో కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారట. పలకల క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ల ఫోటోలు తీయడానికి వచ్చి లాడ్జిలో ఉంటున్నారు. ల్యాప్‌టాప్ చార్జరు కాలిపోయింది, కెమెరా కార్డు నిండిపోయింది. ఫోటోలు ఒక డిస్కులోకి ఎక్కించి ఇమ్మన్నారు.

కార్డు పెట్టగానే తెర మీద అన్నీ నలుపు తెలుపు ఫోటోలే వచ్చాయి. మా ఓనరు నా భుజం మీదుగా తొంగి చూశాడు. ఆయన్ని నేను అన్నా అంటాను. ఆయన నన్ను చెల్లే అంటాడు.

"మేడం, సెట్టింగు మారిపోయినట్టుంది. అన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో పడినాయి. ఏం పరవాలేదు, మా చెల్లె కలర్‌లోకి తెస్తాది."

"రావు బాబూ. ఈ కెమెరాకు రంగు తెలియదు."

"చెడిపోయిందా?"

"కొన్నప్పటి నుంచీ అంతే. అందుకే కొన్నాను."

అన్న ఊరుకునే మనిషి కాదు. రేటు అడిగాడు. మేడం కొంచెం ఇబ్బందిపడుతూనే చెప్పారు. అన్న కుర్చీలో కూలబడ్డాడు.

"యా అల్లా! ఆ పైసలకు మా వీధిలో ఇల్లొస్తాది మేడం. రంగు తీసేసినందుకు తగ్గియ్యాల గదా, పెంచుతారా?" అని, నా వైపు తిరిగాడు. "చూసినావా చెల్లే, మీ నాయన మంద అంతా అమ్మినా కెమెరా ఒక్కటే వస్తాది. ముందర పెట్టే లెన్సుకు మీ చిన్నాయన మంద గూడా అమ్మాల."

మేడం నవ్వి, వివరంగా చెప్పారు. మామూలు కెమెరాలో వెలుతురు పడే చుక్క చుక్క మీదా ఒక రంగు పొర ఉంటుందట. ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద ఆకుపచ్చ, ఒకదాని మీద నీలం. ఏ రంగు పొర ఆ రంగునే లోపలికి పోనిస్తుంది. మిగిలిన రంగులేమిటో పక్క చుక్కలను చూసి కెమెరా ఊహించుకుంటుంది. ఈ కెమెరాలో ఆ పొరే లేదు. వచ్చిన వెలుతురు వచ్చినట్టు లోపలికి పోతుంది.

"ఇందులో ఊహించడం ఉండదమ్మా" అన్నారు నాతో.

రోజంతా చనిపోయినవాళ్ల చీరల రంగులు ఊహించే నాకు ఆ మాట ఎక్కడో తగిలింది. క్వారీలో పనిచేసే ఒకామె ముఖాన్ని తెర మీద పెద్దది చేసి చూశాను. ఎంత పెద్దది చేసినా చెదరలేదు. కనుబొమల్లో రాతి పొడి ఇసుక గింజల్లా విడివిడిగా కనిపించింది. ఆమె వెనక నల్లరాయి పొరలుంటే, ఒక పొర నలుపు ఇంకో పొరకు లేదు. నలుపులో అన్ని నలుపులుంటాయని పలకల ఊళ్లో ఉంటూ నాకు తెలియదు. మేడం కెమెరాను నా చేతుల్లో పెట్టారు. చల్లగా, కోడిగుడ్లు నిండుగా ఉన్న గిన్నెలాగా భయపెట్టే బరువుతో ఉంది. తిరిగి ఇచ్చేయాలనిపించలేదు.

"మా నాయన గొర్రెలు కాస్తాడు మేడం. మీరొస్తే... కొండ కింద మా ఊరు. ఫోటోలు బాగుంటాయి."

అన్న నోరు తెరిచాడు. "ఏంది చెల్లే, నీకు మాటలొచ్చా?"

నేనెందుకు పిలిచానో ఆ ఇద్దరికీ చెప్పలేదు.

మా ఊరు కంభం దాటాక గిద్దలూరు దారిలో ఉంటుంది. కోతలైపోయాక మా వైపువాళ్లు మందలను పొదిలి, దర్శి దిక్కు తోలుకుపోతారు. ఎరువు కోసం అక్కడి రైతులు తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు. ఎన్నో ఊళ్ల మందలు ఒకచోట కలుస్తాయి కనుక బయలుదేరే ముందు గొర్రెల మీద ఎవరి గుర్తు వాళ్లు వేసుకోవాలి. కొందరు చెవి కోస్తారు, కొందరు గీత గీస్తారు. మా ఇంట్లో చెయ్యి వేస్తారు. ఇంటి ఆడమనిషి అరచేతిని రంగులో ముంచి గొర్రె తుంటి మీద అద్దుతుంది. నాయన, చిన్నాయన వేరుపడ్డాక మాకు ఎరుపు, వాళ్లకు ఆకుపచ్చ. మావి జోడిపి గొర్రెలు, పొట్టి వెంట్రుకతో ఒళ్లంతా తెల్లగా, మూతి మీదా కళ్ల చుట్టూ మాత్రం నల్లగా ఉంటాయి. ఆ తెలుపు మీద చెయ్యి బాగా పడుతుంది.

అమ్మ ఎర్రటి జాజుపొడిని ఆముదంలో కలిపేది. ప్రతిసారీ ఇద్దరికీ అదే గొడవ.

"అట్ల పోస్తావేందే ఆముదం? జిడ్డు కారుతాంది" అనేవాడు నాయన.

"కారనీ. నీ మాదిరి పిసినారితనం చేస్తే పొదిలి పొయ్యేలోపలే రాలిపోతాది" అనేది అమ్మ. ఇంకాస్త పోసేది, ఆయన చూస్తుండగానే.

మేడం రావడానికి ముందటి ఏడాది కూడా అలాగే చెయ్యి వేసి మందను సాగనంపింది. మంద దర్శి దగ్గర ఉండగా అమ్మకు ఒకరోజు పొద్దున గుండెనొప్పి వచ్చింది. మార్కాపురం తెచ్చేలోపలే పోయింది. నాయన గొర్రెలను చిన్నాయనకు అప్పజెప్పి బస్సులో వచ్చాడు.

తరువాత మంద ఇంటికి వచ్చింది. గొర్రె గొర్రె మీదా అమ్మ చెయ్యి ఉంది. అమ్మ చిటికెన వేలు ఎప్పుడో కొడవలికి తెగి లోపలికి వంగిపోయింది. ఆ వంకర కూడా ప్రతి గొర్రె మీదా ఉంది. ఇంట్లో అమ్మ చీరలున్నాయి, దువ్వెన ఉంది, పెళ్లినాటి ఫోటో ఉంది. కాని అవన్నీ ఉన్నచోటనే ఉంటాయి. ఆ చేతులు మాత్రం పొద్దున కొండకు పోయి సాయంత్రం నడుచుకుంటూ ఇంటికి వచ్చేవి. స్టూడియో నుంచి రాగానే దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, అవి ఒక్కొక్కటే నన్ను రాసుకుంటూ లోపలికి పోవడం చూసేదాన్ని. ఎరుపు నెలనెలకూ మాసిపోతూ వచ్చింది. మొదట జాజు, తరువాత ఇటుక, తరువాత ఎండిన దానిమ్మ తొక్క.

మేడం స్టూడియోకు రావడానికి రెండు రోజుల ముందే నాయన అన్నాడు: "కురిచేడు దిక్కు మంద కట్టను పిలిచినారు. గుర్తు మాసిపోయినాది, కలిసిపోతాయి. ఆదివారం నువ్వు చెయ్యి వెయ్యాల."

"చిన్నమ్మ వేస్తాదిలే నాయనా."

"ఆమె చెయ్యి వాళ్ల గొర్రెల మీద ఉండాది. మన ఇంటి గుర్తు మన ఇంటి మనిషే వెయ్యాల గదమ్మా."

అంటే అమ్మ చెయ్యి మీద నా చెయ్యి వేయాలి. ఆదివారం తరువాత అది ఎక్కడా ఉండదు. అందుకే ఆ కెమెరా. ఫోన్లో తీసి ఉండొచ్చు కదా అని ఇప్పుడు నన్ను నేనే అడుగుతుంటాను. రోజూ గుమ్మంలో ఎదురయ్యేదాన్ని ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది? ఆ కెమెరాను చూశాక మరీ తోచలేదు. రాతి పొడిలో గింజ గింజనూ పట్టినది, అమ్మ చేతిలో గీత గీతనూ పట్టి ఇస్తుందనుకున్నాను.

మేడం శుక్రవారం పొద్దున కారులో వచ్చారు. నాయన మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, కెమెరాను దూరం నుంచే చూశాడు.

"రంగు పడదంటనే ఇందులో?"

"పడదు నాయనా."

"పోన్లే. మనయి తెల్లనల్ల గొర్రెలే గదా, వాటికి చాలు" అన్నాడు. మేడం గట్టిగా నవ్వారు.

కొండ మొదట్లోనే ఆవిడ మోకాలు పట్టేసింది. కానుగ చెట్టు నీడలో కూర్చుని, కెమెరా పట్టీని తన మెడలోంచి తీసి నా మెడలో వేశారు. "నువ్వు పోయి తీసుకురా తల్లీ. నీ గొర్రెలు నాకంటే నీకే బాగా తెలుసు." ఎక్కడ నొక్కాలో, దూరం ఎలా సరిచూసుకోవాలో చూపించారు. ఆకాశం వైపు ఒకసారి చూసి, సంచిలోంచి ఎర్రగాజు బిళ్ల ఒకటి తీసి లెన్సు ముందు తిప్పి బిగించారు. "ఇది ఎర్ర ఫిల్టరు. మబ్బులు బాగున్నాయి ఇవాళ. దీంతో ఆకాశం నల్లబడి మబ్బులు లేచి వస్తాయి చూడు."

నేను అలాగే అని తలూపాను. గొర్రెల మీద చేతులు మా అమ్మవని, వాటికోసమే మిమ్మల్ని పిలిచానని అప్పుడైనా చెప్పి ఉండవలసింది. అంత పెద్ద మనిషి, అంత ఖరీదైన వస్తువు, మధ్యలో మా అమ్మ సంగతి ఎందుకనిపించింది.

ఆ పూటను నేను మరిచిపోలేను. ఆ కెమెరాకు కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ లెన్సుకు పక్కన వేరుగా ఉంటుంది. అందులోంచి చూస్తే లోకం మామూలుగా, రంగుల్లోనే కనిపిస్తుంది. ఎండిన గడ్డి, నాయన తువ్వాలు, వాటి మధ్య మాసిన ఎర్ర చేతులు. నేను ఒక్కో చేతినీ ఆ కిటికీలో నిలబెట్టుకుని మెల్లగా నొక్కాను. చప్పుడు చాలా చిన్నది, ఎవరో నాలుకతో చిన్నగా టిక్ అన్నట్టు. మంద కదిలేది, నేను వంగుతూ దాని పక్కనే నడిచేదాన్ని. చిన్నాయన గొర్రెలు కూడా కలిసే మేస్తున్నాయి, వాటి ఆకుపచ్చ చేతులూ మధ్యలో వచ్చేవి. కెమెరా వెనక తెరమీద ఎండ కొట్టి ఏమీ తెలియలేదు, నా ముఖమే కనిపించింది. నాయన అటునుంచి అరిచాడు: "ఏందమ్మా, గొర్రె ముడ్డిని తీస్తాండావు? ముకాలు తియ్!"

స్టూడియోలో నేనెప్పుడూ ఇంకొకరు తీసినదానికి మెరుగులు దిద్దేదాన్ని. ఆ పొద్దున నా చేతులకు వాటి పని దొరికింది. తిరిగి ఇచ్చేటప్పుడు పట్టీ నా జడకు చిక్కుకుంది. మేడం విడదీస్తుంటే, కాసేపు విడిపోకపోతే బాగుండుననుకున్నాను. ఆవిడ అటునుంచి అటే గిద్దలూరు మీదుగా వెళ్లిపోయారు, ఫోటోలు పంపుతానని చెప్పి.

ఆదివారం నాయన గొర్రెలను ఒక్కొక్కటే పట్టి ఇచ్చాడు. ఆముదం ఆయన చెప్పినంతే పోశాను, చుక్క ఎక్కువ పోయలేదు. నా చెయ్యి అమ్మ చెయ్యికంటే చిన్నది. మొదటి గొర్రె మీద ఆనించినప్పుడు దాని చర్మం వణికింది. నేను ఏడుస్తానేమోనని నాయన ఓరగా చూస్తూనే ఉన్నాడు. ఏడవలేదు. కెమెరాలో ఉంది కదా అనుకుంటూ ఒకదాని తరువాత ఒకటి అద్దుకుంటూ పోయాను. అమ్మ వేళ్లు నా వేళ్ల చుట్టూ కాసేపు కొంచెం కొంచెం కనిపించి, రంగు పరుచుకోగానే పోయాయి.

ఫోటోలు ఆ తరువాతి వారం స్టూడియో కంప్యూటరుకు వచ్చాయి. అన్న టీకి పోయేదాకా ఆగి తెరిచాను. మొదట కనిపించింది ఆకాశం. నల్లమల మీద అలాంటి ఆకాశాన్ని నేను చూడలేదు. బొగ్గులాంటి నలుపులో మబ్బులు ఒక్కొక్కటీ చేత్తో తీసుకునేట్టు ఉన్నాయి. దాని కింద తెల్లటి గొర్రెలు. వాటిలో కొన్నిటి తుంటి మీద నల్లటి చేతులు, చక్కగా, ఐదు వేళ్లతో. అన్నీ చిన్నమ్మవి. మా గొర్రెల మీద ఏమీ లేదు. ఇంకొకటి తెరిచాను, ఇంకొకటి. శుభ్రంగా కడిగినట్టు, పుట్టినప్పటి నుంచీ ఎవరి చెయ్యీ తగలనట్టు తెల్లగా ఉన్నాయి.

కాసేపటికి అర్థమైంది. ఎర్రగాజులోంచి చూస్తే ఎరుపూ తెలుపే, తెలుపూ తెలుపే. ఆకుపచ్చ మాత్రం నల్లబడుతుంది. నేను కిటికీలో చూసింది ఒకటి, పక్కన లెన్సు చూసింది ఇంకొకటి. మామూలు కెమెరా అయితే రంగు లోపల ఎక్కడో మిగిలి ఉండేది, వెతికి తీసేదాన్ని, రోజూ నేను చేసే పని అదే. ఇందులో వెతకడానికి ఏమీ లేదు. లోపలికి రానిదాన్ని ఏ కంప్యూటరూ బయటికి తీయలేదు.

ఫోటోలతో పాటు మేడం సందేశం పెట్టారు: ఆకాశం ఎంత బాగా పట్టావో చూడు, నీ కన్ను మంచిది. నేను "చాలా బాగున్నాయి మేడం, థ్యాంక్సండి" అని జవాబిచ్చాను. ఆ రోజు డైరీలో కూడా ఆకాశం గురించే రాశాను.

వింతేమిటంటే, ఆ కెమెరా మీద నాకు కోపం రాలేదు. రావాలని చూశాను. ఇప్పటికీ స్టూడియోలో పని లేనప్పుడు దాని బొమ్మ తెరిచి చూస్తుంటాను. రేటు తగ్గదని తెలుసు. తగ్గినా మా మందకు అందేంత తగ్గదు. అయినా మెడలో ఆ బరువు ఉన్నట్టే ఉంటుంది.

ఆ నెలలోనే నాయన కురిచేడులో మంద దగ్గర నుంచి బీపీ మాత్రలకని మార్కాపురం వచ్చి, స్టూడియో మెట్ల మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "ఏవీ మన గొర్రెలు? చూపియ్ చూద్దాం."

తప్పించుకునే దారి లేక తెరిచాను. నాయన కళ్లు చికిలించి చూశాడు.

"ఎవురియి? మనయి గావే. గుర్తేదీ?"

చెప్పాను. కెమెరాకు ముందున్న ఎర్రగాజు సంగతి, ఎరుపు తెల్లబడే సంగతి, అన్నీ. అమ్మ చెయ్యి కోసమే మేడంను పిలిచానని కూడా చెప్పాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

వెనకనుంచి అన్న అందుకున్నాడు. "దానికేముంది పెద్దాయనా, మీ అమ్మాయి ఎర్రగా వేసేస్తాది. ఊరందరికీ వేస్తాంది, మీకు వెయ్యదా?"

"అట్లనా? వెయ్యి మరి" అన్నాడు నాయన, స్టూలు దగ్గరికి లాక్కుని.

మౌసు పట్టుకున్నాను. ఎరుపు ఎంచుకున్నాను.

"యాడ వెయ్యాల నాయనా?"

"ఈడ. కాదు, కొంచెం కిందికి. చిటికినేలు అట్ల గాదు, లోపలికి తిరిగి ఉంటాది. ఇంగొంచెం. అంత గాదు..." ఆయన వేలు తెర మీద అటూ ఇటూ తిరిగింది. నాకు తలపాగా కోసం వచ్చిన ఆ మనిషి గుర్తొచ్చాడు. నాయనకూ ఏదో తోచినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దులే. తీసెయ్."

తీసేశాను. ఏం చేయాలో తోచక ఆ గొర్రె తుంటిని పెద్దది చేస్తూ పోయాను. ఎంత పెద్దది చేసినా చెదరలేదు. చివరికి తెర నిండా వెంట్రుకలే. మధ్యలో కొన్నిచోట్ల అవి గుంపులుగా అతుక్కుని, పక్కకు వాలి, సన్నటి నీడలు పడ్డాయి. అంతకుముందే చూశాను వాటిని. మట్టి అంటుకుందనుకున్నాను.

నాయన ముందుకు వంగాడు.

"ఆగు. ఇది చూడు. బొచ్చు ఎట్ల అంటుకపోయిందో."

"మట్టేమో నాయనా."

"మట్టేంది? ఆముదం. ఆ పచ్చ గుర్తు గొర్రెను తియ్, దానికుండదు చూడు, మీ చిన్నమ్మ అంత పొయ్యదు."

తీశాను. చిన్నమ్మ నల్లటి చెయ్యి కింద వెంట్రుక దేనికదే విడిగా ఉంది. మళ్లీ మా గొర్రెకు వచ్చాను. అతుక్కున్న వెంట్రుకల వెంబడి తెరను మెల్లగా జరిపాను. ఒకచోట ఆ నీడ లోపలికి వంగింది. దూరం నుంచి చూస్తే తెల్లటి తుంటి, ఏమీ లేదు. దగ్గరికి పోతే ఒక వేలు సగమే తెరలో పడుతుంది, చెయ్యి మొత్తం పట్టదు. ఇద్దరం ఆ వేలిని చూస్తూ కూర్చున్నాం.

"ఎంత చెప్పినా ఇనేది గాదు మీయమ్మ" అన్నాడు నాయన. "కారేటట్టు పోసేది."

బయట ఆటో ఒకటి ఆగి హారను కొట్టింది. నాయన లేచి, మాత్రల కవరు జేబులో పెట్టుకున్నాడు. మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"మొన్న నువ్వేసింది అప్పుడే రాలిపోతాంది. ఇంగొంచెం ఆముదం పొయ్యాల్సింది."